ఇల్లు కట్టించవచ్చు, ఇరుగు పొరుగును కలిపేదెలా? – యుద్ధం తర్వాత బోస్నియా

ప్రతి ఏటా లెక్కలు చూసుకునే వేళకు మా కమిటీ ముందుకు ఒక ప్రశ్న వస్తుంది. గొడవ జరిగిన చోటికో, వరద వచ్చిన చోటికో మనం సాయం తీసుకెళ్లినప్పుడు అది మన వాళ్లకే ఇవ్వాలా, పక్క వీధిలోని ఇతరులకూ ఇవ్వాలా? దాతల్లో కొందరు ఫోన్ చేసి మరీ అడుగుతారు. జకాత్ సంగతి వేరు. దానికి హక్కుదారులెవరో షరీఅత్ చెప్పింది, వివరాలు ఉలమాలను అడగాలి. సదఖా, ఇతర విరాళాల విషయంలో మాత్రం మా దగ్గర ఇప్పటికీ ఒకే మాట లేదు. కొన్నేళ్ల కిందట వరద వచ్చినప్పుడు మేము మస్జిద్ రిజిస్టరు చూసి జాబితా రాసుకున్నాం. బియ్యం బస్తాలు దింపుతుంటే ఎదురు వీధి వాళ్లు గుమ్మాల్లో నిలబడి చూశారు. ఒక్కరూ నోరు తెరిచి అడగలేదు. ఆ చూపులు మాలో కొందరికి ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆ ప్రశ్నకు పుస్తకాల్లో జవాబు వెతికే బదులు, అదే ప్రశ్నను మనకంటే వెయ్యి రెట్లు కఠినంగా ఎదుర్కొన్న ఒక దేశం గురించి ఈ సంచికలో రాద్దామనుకున్నాం. ఆ దేశం బోస్నియా-హెర్జెగోవినా. 1990లలో మన మస్జిదుల్లో ఆ దేశం కోసం దుఆలు చేసింది పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. యుద్ధం ఆగాక అక్కడ ఏం జరిగిందో మాత్రం మనలో చాలామందిమి పట్టించుకోలేదు.

ముందు క్లుప్తంగా నేపథ్యం. 1991 జనాభా లెక్కల ప్రకారం బోస్నియాలో సుమారు 44 లక్షల మంది ఉండేవారు. అందులో ముస్లింలు 43 శాతానికి కాస్త ఎక్కువ, సెర్బులు 31 శాతం, క్రోయాట్లు 17 శాతం. సెర్బులు ఆర్థోడాక్స్ క్రైస్తవులు, క్రోయాట్లు కేథలిక్కులు. ఇప్పుడు బోస్నియాక్కులని పిలుచుకునే ముస్లింలూ వీళ్లలాంటి స్లావులే. ముగ్గురూ మాట్లాడే భాష ఒక్కటే, దాని పేరు మాత్రం ఇప్పుడు ముగ్గురూ మూడు రకాలుగా చెబుతారు. సిగరెట్ పెట్టె మీద 'పొగ తాగడం చంపుతుంది' అన్న హెచ్చరిక మూడుసార్లు ఉంటుంది. రెండుసార్లు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా, మూడోసారి అదే మాట సిరిలిక్ లిపిలో. అక్కడి వాళ్లే దాన్ని చూసి నవ్వుకుంటారు.

యుగోస్లావియా ముక్కలవుతున్న రోజుల్లో, 1992 ఏప్రిల్‌లో, యుద్ధం మొదలైంది. ఐక్యరాజ్యసమితి శాంతి దళానికి తొలి అధిపతిగా వెళ్లింది మన దేశానికి చెందిన లెఫ్టినెంట్ జనరల్ సతీష్ నంబియార్. ఆ దళం యుద్ధాన్ని ఆపలేకపోయింది. మూడున్నరేళ్లలో సుమారు లక్ష మంది చనిపోయారు, జనాభాలో సగం మంది ఇల్లు విడిచి పారిపోయారు. రాజధాని సారాయెవో 1,425 రోజులు ముట్టడిలో ఉంది. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో 8,000 మందికి పైగా ముస్లిం పురుషుల్ని, బాలుర్ని కొద్ది రోజుల్లోనే చంపేశారు. అది జాతి నిర్మూలనే అని అంతర్జాతీయ న్యాయస్థానం 2007లో తీర్పు చెప్పింది.

ఈ యుద్ధంలో చాలాచోట్ల ఇల్లు తగలబెట్టినవాడు ఎక్కడినుంచో వచ్చినవాడు కాదు. పక్కింటివాడు, పిల్లల్ని బడికి తీసుకెళ్లిన డ్రైవరు, వాళ్లకు పాఠం చెప్పిన మాస్టారు. బయటి శత్రువైతే యుద్ధం అయ్యాక వెళ్లిపోతాడు. ఇక్కడ వెళ్లేవాడెవడూ లేడు.

సంతకం పడింది, భయం మిగిలింది

1995 నవంబరులో అమెరికాలోని డేటన్ దగ్గర ఒక వైమానిక స్థావరంలో ఒప్పందం కుదిరింది. డిసెంబరు 14న పారిస్‌లో సంతకాలయ్యాయి. తుపాకులు ఆగాయి. దాని విలువ తక్కువేమీ కాదు. ఆ తర్వాత ఆ దేశం మళ్లీ యుద్ధంలోకి జారలేదు.

కాని ఆ ఒప్పందం భయాన్ని పోగొట్టలేదు, దాన్ని రాజ్యాంగంలోకే ఎక్కించింది. దేశాన్ని రెండు విభాగాలు చేసింది: బోస్నియాక్కులు, క్రోయాట్లు ఎక్కువగా ఉండే సమాఖ్యకు 51 శాతం భూమి, సెర్బుల రిపబ్లికా స్ర్ప్‌స్కాకు 49 శాతం. సమాఖ్యలో మళ్లీ 10 కాంటన్లు. దేశాధ్యక్ష పదవిలో ముగ్గురు: ఒక బోస్నియాక్, ఒక క్రోయాట్, ఒక సెర్బ్. వీళ్లలో ఎవరి 'ప్రాణాధార ప్రయోజనం' దెబ్బతింటుందనిపించినా నిర్ణయాన్ని అడ్డుకోవచ్చు. ఈ ముగ్గురిలో ఎవరికీ చెందనివాళ్లు, అంటే యూదులు, రోమా సంచార జాతులవాళ్లు, ఆ పదవికి పోటీ చేయడానికే లేదు. సేజ్దిచ్ అనే రోమా పెద్ద, ఫిన్సీ అనే యూదు పెద్ద ఇద్దరూ యూరప్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లి 2009లో గెలిచారు. ఆ తీర్పు వచ్చాక ఎన్నికల మీద ఎన్నికలు జరిగిపోయాయిగాని రాజ్యాంగంలో ఆ నిబంధన మారలేదు.

ఇలాంటి ఏర్పాటు సామాన్యుడి ఇంటిదాకా ఎలా వస్తుందో 2013లో తెలిసింది. పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. ఆ సంఖ్యలో ఏ ప్రాంతపు అంకెలు ఉండాలన్న దానిమీద సెర్బు నాయకులు, మిగతా నాయకులు తగవు పడ్డారు, చట్టం గడువు తీరిపోయింది. కొన్ని నెలలపాటు పుట్టిన పిల్లలకు సంఖ్యే లేదు. సంఖ్య లేకపోతే పాస్‌పోర్టు రాదు. విదేశంలో చికిత్స చేయించాల్సిన ఒక పసిపాప ప్రయాణం ఆ కారణంగా ఆగింది. జూన్‌లో తల్లులు బిడ్డల బండ్లు తోసుకుంటూ వచ్చి సారాయెవోలో పార్లమెంటు చుట్టూ నిలబడ్డారు. వాళ్లలో ఎవరు ఏ మతమని ఆ రోజు ఎవరూ అడగలేదు. ఆ పాప తర్వాత చనిపోయింది.

నంబరు ప్లేటు

ఒప్పందంలోని పెద్ద పెద్ద అధ్యాయాలు చేయలేని పని ఒక రేకు ముక్క చేసింది. మాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ ఇదే.

యుద్ధం ఆగాక రెండు విభాగాల మధ్య సరిహద్దు గోడ ఏమీ లేదు, కాగితం మీద ఎవరైనా ఎటైనా వెళ్లవచ్చు. అయినా వెళ్లేవాళ్లు తక్కువ. ఎందుకంటే కారు నంబరు ప్లేటే మనిషి ఎవరో చెప్పేసేది. సెర్బుల వైపు ప్లేట్ల మీద సిరిలిక్ అక్షరాలు, ఇటువైపు వేరే గుర్తులు. అవతలి ఊళ్లో కారు ఆపితే పోలీసు ఆపుతాడు, లేదంటే ఎవడో అద్దం పగలగొడతాడు. చూడాలనుకున్న తల్లి సమాధి ఇరవై కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా వెళ్లలేరు. ఆ రోజుల్లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ సరిహద్దు దాటే బస్సులు నడిపేది. అవి లేకపోతే మామూలు జనానికి దారే లేదు.

1998లో అంతర్జాతీయ ప్రతినిధిగా ఉన్న కార్లోస్ వెస్టెన్‌డార్ప్ అందరికీ ఒకే రకం ప్లేటు తెచ్చారు. దానిమీద ఊరి పేరు లేదు, ఏ వర్గపు గుర్తూ లేదు. అక్షరాలు కూడా లాటిన్ లిపిలోనూ సిరిలిక్ లిపిలోనూ ఒకేలా కనిపించేవే తీసుకున్నారు: ఏ, ఇ, జె, కె, ఎం, ఓ, టి. అంతే. కొద్ది నెలల్లోనే రోడ్ల మీద అటూ ఇటూ రాకపోకలు బాగా పెరిగాయి. అదే ఏడాది ఉమ్మడి నాణెం, ఉమ్మడి జెండా కూడా వచ్చాయి. జాతీయ గీతానికి మాత్రం ఇప్పటికీ బాణీయే ఉంది, మాటలు లేవు. ఏ మాటలు పెట్టాలో కుదరలేదు.

ప్లేటు వల్ల ఎవరి మీదా ఎవరికీ ప్రేమ పుట్టలేదు. కాని భయపడకుండా అవతలి ఊరి సంతకు వెళ్లి బంగాళాదుంపలు కొనుక్కుని రావడం కుదిరింది. నమ్మకం గురించి ఉపన్యాసాలు విన్నప్పుడల్లా మాకు ఈ ప్లేటు గుర్తొస్తుంది.

తాళంచెవి

ఇళ్ల సంగతి ఇంతకంటే చిక్కు. యుద్ధంలో ప్రతి పక్షమూ పారిపోయినవాళ్ల ఇళ్లను 'వదిలేసిన ఆస్తి' అని చట్టం చేసి తమ వాళ్లకిచ్చింది. ముస్లిం ఇంట్లో సెర్బు కుటుంబం ఉండేది. ఆ సెర్బు కుటుంబానికీ సారాయెవోలో ఒక ఇల్లుండేది, అందులో వేరే ఊరినుంచి వచ్చిన ముస్లింలు ఉండేవారు. ఒకరు కదిలితేగాని ఇంకొకరు కదలరు. ఎవరు ముందు కదలాలి?

డేటన్ ఒప్పందంలోని ఏడో అనుబంధం ప్రతి శరణార్థికీ తన సొంత ఇంటికి తిరిగి వెళ్లే హక్కు ఇచ్చింది. తొలి నాలుగేళ్లు అది మాటగానే ఉంది. 1999లో ఆస్తి చట్టాల అమలుకు దేశమంతటికీ ఒకే పద్ధతి పెట్టారు. ప్రతి దరఖాస్తుకూ వరుస సంఖ్య, గడువు, పని చేయని అధికారికి ఉద్వాసన. నాయకుల దయమీద వదలకుండా గుమస్తా పనిగా మార్చారు. 2 లక్షలకు పైగా దరఖాస్తుల్లో తొంభై శాతానికి పైగా 2000ల మధ్యకల్లా తేలిపోయాయి. యుద్ధానంతర దేశాల్లో ఇంత పెద్ద ఎత్తున ఇళ్లు వెనక్కి ఇప్పించిన సందర్భాలు అరుదు.

2004 సెప్టెంబరుకు తిరిగొచ్చినవారి సంఖ్య 10 లక్షలకు చేరింది. వాళ్లలో దాదాపు నాలుగున్నర లక్షల మంది తాము అల్పసంఖ్యాకులుగా ఉండాల్సిన చోటికే వచ్చారు. ప్రియెదోర్ దగ్గరి కొజారాత్స్ అనే ఊరు 1992లో నేలమట్టమైంది. అక్కడి ముస్లింలను ఒమార్స్కా, త్ర్నోపోల్యే వంటి నిర్బంధ శిబిరాలకు తోలారు. బతికి విదేశాలకు చేరినవాళ్లు కూలి డబ్బు దాచి అదే ఊరిని మళ్లీ లేపారు. వేసవి సెలవులకు ఆ ఊరు ఇప్పుడు కిటకిటలాడుతుంది.

అయితే ఇల్లు వెనక్కి తీసుకున్న వాళ్లలో ఎంతోమంది దాన్ని అమ్ముకుని తమ వాళ్లున్న చోటికే వెళ్లిపోయారు. దాతలు గోడలు కట్టించారు, పైకప్పు వేయించారు, రంగు కూడా కొట్టించారు. ఊళ్లో ఉద్యోగం ఇచ్చేవాడు లేడు, బడిలో తమ పిల్లల చరిత్ర లేదు, పోలీస్ స్టేషన్లో 1992 నాటి ముఖాలే కనిపిస్తున్నాయి. ఇక ఆ ఇంట్లో ఎవరుంటారు? ఇళ్ల తాళాలు అందిస్తూ ఫొటోలు దిగే మనలాంటి సంస్థలన్నీ ఆలోచించాల్సిన విషయమిది. ఫొటో మేమూ దిగాం, అందుకే అంటున్నాం.

ఎముకలకు మతం లేదు

యుద్ధం ముగిసేసరికి బోస్నియాలో 30 వేల మందికి పైగా ఆచూకీ లేదు. ఎక్కువమంది ముస్లింలే అయినా మూడు వర్గాల వాళ్లూ ఉన్నారు. మొదట్లో ఎవరి శవాలు వాళ్లు వెతుక్కునేవారు, అవతలి వాళ్ల గోతులు ఎక్కడున్నాయో తెలిసినా చెప్పేవారు కాదు. శవాలే బేరం సరుకయ్యాయి.

స్రెబ్రెనిత్సాలో ఇంకా ఘోరం. చంపినవాళ్లు తొలి గోతుల్ని యంత్రాలతో తవ్వి, శవాలను లారీల్లో దూరంగా తీసుకెళ్లి వేరే గోతుల్లో పడేశారు. దాంతో ఒకే మనిషి ఎముకలు రెండు మూడు చోట్ల దొరికేవి. బట్టలు చూసి, జేబులో కాగితం చూసి పోల్చడం అసాధ్యమైంది. 1996లో ఏర్పడిన అంతర్జాతీయ ఆచూకీ కమిషన్ అప్పుడు డీఎన్ఏ మార్గం పట్టింది. తల్లులు, తోబుట్టువులు, పిల్లల దగ్గర రక్తపు చుక్కలు సేకరించి, ఎముకల్లోని డీఎన్ఏతో పోల్చారు. అంత పెద్ద ఎత్తున ఆ పద్ధతి వాడడం ప్రపంచంలో అదే మొదలు. ఇప్పటికి ఆచూకీ లేనివాళ్లలో నాలుగింట మూడొంతులకు పైగా తేలారు. స్రెబ్రెనిత్సా పక్కనే పోతోచారిలో 6,700 మందికి పైగా ఖననమయ్యారు. ఏటా జులై 11న ఆ ఏడాది గుర్తించినవాళ్లకు సామూహిక జనాజా నమాజు జరుగుతుంది. కొందరు తల్లులు కొడుకు శరీరంలో దొరికిన రెండు మూడు ఎముకలనే పూడ్చడానికి ఒప్పుకున్నారు, మిగతావి దొరుకుతాయేమోనని ఏళ్లతరబడి ఎదురుచూసి, అలిసిపోయి.

ఇది నమ్మకానికి ఎలా పనికొచ్చిందంటే, రక్తపు చుక్క ఇచ్చిన తల్లి ముస్లిమా, సెర్బా అని ప్రయోగశాల చూడదు. 2004లో ఆచూకీ లేనివారి చట్టం వచ్చింది. మరుసటి ఏడాది మూడు వర్గాలకూ ఒకే సంస్థ ఏర్పడింది. ఇరువైపుల కుటుంబాల సంఘాలు అక్కడే కలిసి కూర్చున్నాయి. ఒకరి దుఃఖం ఇంకొకరికి తెలిసింది. అంకెలు కూడా తేలాయి. ఒకప్పుడు రెండు లక్షల మంది చనిపోయారని ఒకరు, అంతా అబద్ధమని ఇంకొకరు అనేవారు. సారాయెవోలోని ఒక పరిశోధనా కేంద్రం పేరుపేరునా లెక్కించి, దాదాపు 97 వేల పేర్ల జాబితా 2007లో బయటపెట్టింది. ఏడుపుకూ ఒక కచ్చితమైన లెక్క ఉంటే వాదించేవాడికి నోరు తగ్గుతుంది.

పూర్తిగా తగ్గలేదు. హేగ్‌లోని న్యాయస్థానం 161 మందిపై అభియోగాలు మోపింది, కరాజిచ్‌కు, మ్లాదిచ్‌కు యావజ్జీవ శిక్షలు పడ్డాయి. అయినా వాళ్లను వీరులుగా గోడలమీద బొమ్మలు గీసేవాళ్లున్నారు. జాతి నిర్మూలనను కాదనడం నేరమని 2021లో అంతర్జాతీయ ప్రతినిధి చట్టం తెస్తే సెర్బు నాయకత్వం దాన్ని ఒప్పుకోలేదు.

మన వాళ్ల తప్పు

ఇక్కడ మన పాఠకులకు రుచించని ఒక సంగతి రాయాలి. ముట్టడిలో ఉన్న సారాయెవోలోనే బోస్నియా సైన్యానికి చెందిన ఒక దళపతి మనుషులు నగరంలో మిగిలిపోయిన సెర్బుల్ని, మరికొందరిని ఇళ్లలోంచి తీసుకెళ్లి చంపి, కొండమీద కజాని అనే లోయలో పడేశారు. బయట సెర్బు సైన్యం నగరాన్ని చంపుతుంటే, లోపల నగరాన్ని నమ్ముకుని ఉండిపోయిన సెర్బుల్ని వీళ్లు చంపారు. ఏళ్లతరబడి దాని గురించి మాట్లాడితే 'శత్రువుకు సాయం చేస్తున్నావా' అనేవారు. కొందరు పత్రికలవాళ్లు, న్యాయవాదులు వదల్లేదు. చివరికి 2021లో మేయర్ బెంజమీనా కరిచ్ ఆధ్వర్యంలో నగరపాలిక అక్కడ స్మారకం పెట్టింది. దానిమీద పేర్లున్నాయి. చంపిందెవరో మాత్రం రాయలేదని విమర్శ వచ్చింది, అది న్యాయమైన విమర్శే.

పోతోచారిలో ఎనిమిది వేలు, కజానిలో పదుల్లో. రెండూ ఒకటి కావు, ఒకటని చెప్పడం అన్యాయం. కాని చిన్న సంఖ్య అని చెప్పి దాచేస్తే అవతలి తల్లికి మనం చెప్పే పెద్ద సంఖ్య మీదా నమ్మకం ఉండదు. తప్పును తప్పనడానికి మన ధర్మం మనకు మినహాయింపు ఇవ్వలేదు కదా.

ఒకే కప్పు కింద రెండు బడులు

హెర్జెగోవినాలోని మోస్తార్ పట్టణం పేరు వినగానే వంతెన గుర్తొస్తుంది. 1566లో ఉస్మానియా శిల్పి కట్టిన రాతి వంతెన, 1993 నవంబరు 9న క్రోయాట్ ఫిరంగి దెబ్బలకు నదిలో కూలింది. ప్రపంచ దేశాలు డబ్బు పోశాయి, పాత పద్ధతిలోనే రాయి చెక్కారు, 2004 జులై 23న మళ్లీ తెరిచారు. ఎంతో అందంగా ఉంటుంది. పర్యాటకులు ఫొటోలు తీసుకుంటారు, కుర్రాళ్లు పైనుంచి నెరెత్వా నదిలోకి దూకుతారు.

వంతెన దాటి ఊళ్లోకి వెళ్తే రెండు విశ్వవిద్యాలయాలు, రెండు ఫుట్‌బాల్ జట్లు. అగ్నిమాపక దళాలు కూడా ఏళ్లతరబడి రెండుగానే ఉన్నాయి. 2008 తర్వాత పన్నెండేళ్లపాటు పురపాలక ఎన్నికలే జరగలేదు. ఓట్లు ఎలా పంచాలో రెండు వర్గాలకూ కుదరలేదు. ఊరి ఉపాధ్యాయురాలు ఇర్మా బరాలియా యూరప్ న్యాయస్థానంలో కేసు గెలిచాక 2020 డిసెంబరులో జరిగాయి. వంతెనకు డబ్బిచ్చినవాళ్లను మేము తప్పుపట్టడం లేదు. రాళ్లు కలిశాయిగదా, మనుషులూ కలిసిపోయారని అనుకోవడమే పొరపాటు.

అసలు గాయం బడిలో ఉంది. సమాఖ్యలోని మూడు కాంటన్లలో 50కి పైగా బడులు 'ఒకే కప్పు కింద రెండు బడులు'గా నడిచాయి. ఒకే భవనం, బోస్నియాక్ పిల్లలకు ఒక పాఠ్యప్రణాళిక, క్రోయాట్ పిల్లలకు ఇంకొకటి. వేర్వేరు గదులు, వేర్వేరు ప్రిన్సిపాళ్లు, కొన్నిచోట్ల వేర్వేరు గుమ్మాలు, వేర్వేరు పూటలు. మొదట ఇది పిల్లల్ని కనీసం ఒక భవనంలోకి చేర్చడానికి తాత్కాలికంగా చేసిన ఏర్పాటు. తాత్కాలికమే పాతికేళ్లు నిలిచింది. ఇది వివక్షేనని సమాఖ్య సుప్రీంకోర్టు 2014లో చెప్పినా చాలాచోట్ల మారలేదు.

యాయిత్సే అనే ఊళ్లో మాత్రం కథ తిరగబడింది. అక్కడి ఉన్నత పాఠశాలలో పిల్లలు కలిసే చదువుకునేవారు. 2016లో పెద్దలు దాన్ని చీల్చి బోస్నియాక్ పిల్లలకు వేరే బడి పెట్టాలని నిర్ణయించారు. బోస్నియాక్, క్రోయాట్ విద్యార్థులు కలిసి వీధికెక్కారు. మా మధ్య గోడ కట్టవద్దన్నారు. మరుసటి ఏడాది అధికారులు వెనక్కి తగ్గారు. ఆ విద్యార్థులకు 2018లో యూరప్ భద్రతా సహకార సంస్థ తరఫున ఇచ్చే మాక్స్ వాన్ డెర్ స్టూల్ పురస్కారం వచ్చింది. విడిపోవడమే తమకు రక్షణ అని తల్లిదండ్రుల తరం నమ్మితే, ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లలు దాన్ని నమ్మలేదు. బ్ర్చ్‌కో అనే జిల్లా రెండు విభాగాల్లో దేనికీ చెందకుండా విడిగా ఉంది. అక్కడ 2001 నుంచీ పిల్లలు కలిసే చదువుతున్నారు. మొదట్లో రాళ్లు విసిరారు, తర్వాత అలవాటయింది.

మర్హమత్

మనలాంటి సంస్థల సంగతికి వద్దాం. బోస్నియా భాషలో మనకు తెలిసిన మాటలు చాలా ఉన్నాయి, తుర్కీల ద్వారా వెళ్లినవి. అంగడిని దుచాన్ అంటారు, మన దుకాణమే. శత్రువు దుష్మన్. పుణ్యకార్యం సెవాప్, మన సవాబ్. అప్పగించిన వస్తువు అమానెత్, మన అమానత్. పొరుగువాడు కొమ్షియా, పొరుగుతనం కొమ్షిలుక్. పొరుగువాడికి పండగనాడు పళ్లెం పంపడం, అతని ఇంట్లో చావుకు వెళ్లడం, ఇవన్నీ ఆ మాటలోనే ఉన్నాయి. యుద్ధం అన్నిటికంటే ముందు ఆ మాటనే చంపిందని అక్కడివాళ్లు బాధపడతారు.

సారాయెవోలోని ముస్లిం సేవా సంస్థ పేరు మెర్హమెత్, అంటే మర్హమత్. 1913లో పుట్టింది, కమ్యూనిస్టు పాలనలో మూతపడింది, 1991లో మళ్లీ తెరుచుకుంది. కేథలిక్కులకు కారితాస్ ఉంది, సెర్బులకు దొబ్రోత్వోర్ ఉంది. యూదుల సంస్థ పేరు లా బెనెవొలెన్సియా, 1892లో పెట్టింది. స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడి ఉస్మానియా రాజ్యంలో ఆశ్రయం పొందిన యూదుల వారసులు వీళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్లలో ఎక్కువమందిని నాజీలు, వాళ్ల తొత్తులు చంపేశారు. 1992 నాటికి మిగిలింది కొద్దిమందే.

ఆ కొద్దిమంది ముట్టడిలో చేసింది చూడండి. తమ ప్రార్థనాలయం దగ్గరే ఉచిత వంటశాల, మందుల దుకాణాలు, ఉత్తరాలు చేరవేసే ఏర్పాటు పెట్టారు. వచ్చినవాడి మతం అడగలేదు. పనిచేసిన వాలంటీర్లలో ముస్లింలు, సెర్బులు, క్రోయాట్లు అందరూ ఉన్నారు. నగరం నుంచి బయటికి వెళ్లే బస్సుల్లో తమ వాళ్లతోపాటు ఇతరులకూ చోటిచ్చారు. ముగ్గురూ కొట్టుకుంటుంటే ముగ్గురూ నమ్మిన తలుపు అదొక్కటే. ఎవరి పక్షమూ కాకపోవడం వాళ్లకు కలిసొచ్చిందని కొందరు అంటారు. నిజమే గాని, మందు సీసా అందరికీ ఇవ్వకపోయి ఉంటే ఆ పేరు నిలిచేది కాదు. యుద్ధం తర్వాత 1997లో నాలుగు మతాల పెద్దలు కలిసి మతాంతర మండలి పెట్టుకున్నప్పుడు, ముఫ్తీ, కార్డినల్, ఆర్థోడాక్స్ మెట్రోపాలిటన్ పక్కన యూదు పెద్ద కూడా సమానంగా కూర్చున్నాడు.

తూజ్లా నగరం చేసిన పని ఇంకొకటి. 1995 మే 25 సాయంత్రం యువకులు గుమిగూడిన కూడలిలో సెర్బు ఫిరంగి గుండు పడి 71 మంది చనిపోయారు. నగరం వాళ్లలో చాలామందిని మతంతో పని లేకుండా ఒకేచోట పక్కపక్కన పాతిపెట్టింది. దానికి అన్ని కుటుంబాలూ సులువుగా ఒప్పుకుని ఉంటాయని మేము అనుకోం. కాని యుద్ధం నడుస్తుండగానే ఆ నగరం ఆ నిర్ణయం తీసుకుంది.

ఇక చివరిది, మాకు అన్నిటికంటే ఉపయోగపడేది. స్రెబ్రెనిత్సాకు కొద్ది కిలోమీటర్ల దూరంలో బ్రాతునాత్స్ ఉంది. అక్కడ 2003లో కొందరు మహిళలు ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. పేరు ఇన్‌సియేమె, ఇటలీ భాషలో 'కలిసి' అని అర్థం. ఇరువైపులా భర్తల్ని, కొడుకుల్ని కోల్పోయిన ఆడవాళ్లు అందులో ఉన్నారు. వాళ్లకు ఎవరూ సయోధ్య మీద పాఠం చెప్పలేదు. రాస్‌బెర్రీ మొక్కలిచ్చారు. పండు మెత్తనిది, కోసిన రోజే శీతల గిడ్డంగికి చేరకపోతే పాడవుతుంది. ఒక్కరి తోటతో లారీ నిండదు, అవతలి ఊరి తోట కూడా కలవాలి. ధర తగ్గితే ఇద్దరికీ తగ్గుతుంది. జాము సీసా మీద 'శాంతి ఫలాలు' అని పేరు రాసి ఇటలీ దుకాణాలకు పంపారు. తర్వాత వందల కుటుంబాలు చేరాయి. ముందు తూకం దగ్గర మాట్లాడుకున్నారు, మిగతా మాటలు ఎప్పుడు ఎంత మాట్లాడుకున్నారో వాళ్లకే తెలియాలి. రాస్‌బెర్రీ కోతలు జూన్, జులై నెలల్లో వస్తాయి. పోతోచారి జనాజా జరిగే జులై 11 ఆ కోతల మధ్యలోనే పడుతుంది.

ఈ వ్యాసం రాస్తూ మేము మా పాత రిజిస్టర్లు తిరగేశాం. కుట్టుమిషన్లు ఇచ్చాం, ఇళ్ల మరమ్మతులకు ఇచ్చాం, ఫీజులు కట్టాం. జాబితాలన్నీ ఒకే మొహల్లావి. ఒక మిషన్ అటువైపు ఇల్లాలికి, ఒక మిషన్ ఇటువైపు ఇల్లాలికి ఇచ్చి, ఇద్దరికీ కలిపి ఒకే ఆర్డరు ఇప్పించే ఆలోచన మాకు రాలేదు. వచ్చే సంవత్సరానికి సాధారణ విరాళాల్లో కొంత భాగం ఇలాంటి ఉమ్మడి పనులకు కేటాయించాలని కమిటీలో కొందరం ప్రతిపాదించాం. మన వాళ్లలోనే ఆకలితో ఉన్నవాళ్లుండగా ఇదేమిటని కొందరు కాదన్నారు, ఆ మాటనూ తీసిపారేయలేం. సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు వస్తుంది. దాతలు దయచేసి తమ అభిప్రాయం ఆలోగా రాసి పంపాలి, రాలేనివాళ్లు ఫోన్ చేసినా చాలు.